రిజర్వాయర్ దగ్గర మొదలయ్యే కష్టమైన కొండ లూప్: ఒక్కరోజులో క్షేమంగా ఎలా పూర్తి చేయాలి

రిజర్వాయర్ గట్టున మొదలై, కొండెక్కి, రిడ్జ్ (కొండ వెన్ను) మీదుగా నడిచి, అవతలి వైపు దిగి మళ్లీ అదే గట్టుకు చేరే లూప్ ట్రెక్‌ల గురించి చాలామంది అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఎన్ని గంటలు పడుతుంది? ఎటు నుంచి మొదలుపెట్టాలి? ఎన్ని నీళ్లు మోయాలి? మధ్యలో ఆపేయాల్సి వస్తే ఎలా? వీటన్నిటికీ జవాబులు ఒకచోట ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను.

ఎక్కిన దారిలోనే దిగే ట్రెక్‌లో, దిగేటప్పుడు ఏం ఎదురవుతుందో ఎక్కేటప్పుడే తెలిసిపోతుంది. లూప్‌లో రెండో సగమంతా కొత్త దారి, అదీ కాళ్లు అలిసిపోయాక. రిజర్వాయర్ లూప్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. పైనుంచి చూస్తే నీళ్లు, డ్యామ్, బండి పెట్టిన చోటు అన్నీ కనిపిస్తుంటాయి. కనిపిస్తున్నాయి కాబట్టి వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఈ రకం ట్రెక్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఆ నమ్మకానికే. నీళ్లు కనిపించడం వేరు, నీళ్ల దగ్గరికి దారి ఉండడం వేరు. కింద చెప్పే స్టెప్పుల్లో చాలా వరకు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

కష్టమైన లూప్ అని నేనంటున్నది సుమారు 14 నుంచి 18 కిలోమీటర్ల దూరం, మొత్తం ఎక్కుడు 800 నుంచి 1200 మీటర్లు ఉన్నదాన్ని. మీరు ఇంతవరకు 10 కిలోమీటర్లు, 400 మీటర్ల ఎక్కుడు ఉన్న దారి ఒక్కసారైనా నడవకపోతే ముందు అది చేయండి. ఆ మర్నాడు మెట్లు మామూలుగా దిగగలిగితే దీనికి సిద్ధమైనట్టే.

కావలసినవి

- ఆఫ్‌లైన్‌లో పనిచేసే మ్యాప్ ఉన్న ఫోన్, దానితోపాటు కాగితం మీద ప్రింట్ తీసిన కాంటూర్ మ్యాప్ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలతో ఎత్తుపల్లాలు చూపేది), దిక్సూచి
- పవర్ బ్యాంక్, కేబుల్
- హెడ్‌ల్యాంప్, అదనపు బ్యాటరీలు (పగటి ట్రెక్కే అయినా)
- విజిల్
- గంటకు అర లీటరు లెక్కన నీళ్లు, ఎండ తీవ్రంగా ఉంటే ఇంకా ఎక్కువ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు
- నడుస్తూ తినగలిగే తిండి, అనుకున్నదానికన్నా ఒక పూటకు ఎక్కువ
- రెయిన్ జాకెట్, త్వరగా ఆరే బట్టలు, బ్యాగులో తడవకుండా కట్టిపెట్టిన ఒక వెచ్చటి పొర
- అడుగున లోతైన గాడులున్న, ఇప్పటికే బాగా అలవాటైన బూట్లు
- టేపు, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజ్, మీరు రోజూ వాడే మందులు
- రెండు ట్రెక్కింగ్ కర్రలు
- మడిస్తే అరచేతిలో పట్టే అల్యూమినియం పూతతో ఉండే ఎమర్జెన్సీ దుప్పటి

బట్టల విషయంలో ఒక్క మాట. కాటన్ తడిస్తే త్వరగా ఆరదు. పైన గాలి కొడితే ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. రిజర్వాయర్ దగ్గర ఉక్కపోతగా ఉన్నా పైన, అందులోనూ గాలిలో, సంగతి వేరు. జీన్స్ ఇంట్లోనే ఉంచండి.

ట్రెక్కింగ్ కర్రలు అవసరమా అని చాలామంది అడుగుతారు. ఎక్కేటప్పుడు లేకపోయినా నడిచిపోతుంది. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం తగ్గిస్తాయి, వాగు దాటేటప్పుడు మూడో కాలుగా పనికొస్తాయి. రెండు దొరక్కపోతే ఒకటైనా తీసుకెళ్లండి.

స్టెప్ 1: మ్యాప్ ముందు కూర్చోండి

దీనికి కనీసం గంట కేటాయించండి. కాంటూర్ గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు, దూరందూరంగా ఉంటే వాలు. రిజర్వాయర్ ఉన్న మ్యాప్‌లో ఒక సదుపాయం ఉంది. నిలకడగా ఉన్న నీళ్ల అంచు అంతటా ఒకే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ అంచే ఒక కాంటూర్ గీత. అక్కడి నుంచి గీతలు లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్తే ఎక్కడ ఎంత ఎక్కాలో సులువుగా తెలుస్తుంది.

నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి.

మొదటిది, మొత్తం ఎక్కుడు. రిజర్వాయర్ 400 మీటర్ల ఎత్తులో, శిఖరం 1200 మీటర్ల ఎత్తులో ఉంటే ఎక్కుడు 800 మీటర్లే అనుకోకండి. రిడ్జ్ మీద దిగి మళ్లీ ఎక్కే చోట్లన్నీ కలిపితే అది 1000 కావచ్చు. లూప్‌లో ఎంత ఎక్కుతారో అంతే దిగాలి కూడా.

రెండోది, మధ్యలో బయటపడే దారులు. రిడ్జ్ మీద నుంచి ఊరికో రోడ్డుకో దిగే గుర్తింపు ఉన్న బాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టండి. ఒక్కటి కూడా లేకపోతే ఆ లూప్ మీరు అనుకున్నదానికన్నా ఒక మెట్టు కష్టమైనదని లెక్క.

మూడోది, దాటాల్సిన వాగులు. రిజర్వాయర్‌ను చుట్టి వచ్చే లూప్ అయితే, అందులోకి వచ్చే ప్రతి వాగునూ ఎక్కడో ఒకచోట దాటుతుంది, లేదా దాని పుట్టుక పైనుంచి చుట్టి వస్తుంది. దాటే చోట వంతెన ఉందో లేదో చూడండి.

నాలుగోది, రిజర్వాయర్ చేతులు. లోయల్లోకి నీళ్లు చొచ్చుకుపోవడం వల్ల రిజర్వాయర్ అంచు వంకరటింకరగా ఉంటుంది. అవతలి ఒడ్డు 500 మీటర్ల దూరంలో కనిపిస్తున్నా, చుట్టి వెళ్లడానికి కిలోమీటర్లు పట్టవచ్చు. లూప్‌లో ఇలాంటి చేతులు ఎన్ని ఉంటే చివరి భాగం అంత సాగుతుంది.

స్టెప్ 2: టైమ్ లెక్క వేయండి

స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. మెట్రిక్ లెక్కలో దాన్ని ఇలా వాడతారు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. దిగుడు కోసం తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ సవరణలు చేర్చారు. నిటారుగా దిగే చోట ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలపాలి.

16 కిలోమీటర్లు, 1000 మీటర్ల ఎక్కుడు ఉన్న లూప్ తీసుకుందాం. దూరానికి 3 గంటల 12 నిమిషాలు. ఎక్కుడుకు 1 గంట 40 నిమిషాలు. దిగుడంతా నిటారే అనుకుంటే 33 నిమిషాలు. మొత్తం సుమారు 5 గంటల 25 నిమిషాలు. ఇందులో విశ్రాంతి లేదు, ఫొటోలు లేవు, దారి వెతుక్కోవడం లేదు. గంటకు 10 నిమిషాల విశ్రాంతి కలిపితే 6 గంటల 20 నిమిషాలు. కొత్తవాళ్లు ఉంటే, నలుగురికన్నా ఎక్కువ మంది ఉంటే ఇంకో పావు వంతు కలపండి. దాదాపు 8 గంటలు తేలుతుంది.

ఉదయం 6 గంటలకు బయల్దేరితే మధ్యాహ్నం 2కి తిరిగి రావచ్చు. 10కి బయల్దేరితే సాయంత్రం 6. చాలా చోట్ల, చాలా కాలాల్లో అప్పటికి చీకటి పడుతుంది. సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు కిందికి చేరేలా బయల్దేరే సమయం వెనక్కి లెక్కించుకోండి. ఆ రెండు గంటల్ని సరదాలకు ఖర్చుపెట్టకూడదు. కాలు బెణికినప్పుడు, దారి తప్పినప్పుడు వాడుకోవడానికి ఉంచినవి అవి.

స్టెప్ 3: ఎటు నుంచి తిరగాలో తేల్చుకోండి

నిటారుగా ఉన్న వైపు ఎక్కి, వాలుగా ఉన్న వైపు దిగండి. ఎక్కడం ఊపిరికి కష్టం, దిగడం కీళ్లకు కష్టం. ఊపిరి ఐదు నిమిషాల్లో కుదుటపడుతుంది, మోకాలు కాదు. పైగా రాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన చోట ఎక్కేటప్పుడు చేతులకు పట్టు కళ్లముందే కనిపిస్తుంది. దిగేటప్పుడు పాదం ఎక్కడ పెట్టాలో కనిపించదు.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. వంతెన లేని వాగు ఉండి, మధ్యాహ్నం వానలు పడే కాలమైతే ఆ వాగును పొద్దున్నే దాటేలా తిరగండి. పైన కరిగే మంచు నుంచి నీళ్లు వచ్చే వాగులకూ ఇదే వర్తిస్తుంది, ఎండ పెరిగేకొద్దీ అవి పొంగుతాయి. రెండోది ఎండ. నీడే లేని నిటారు ముఖం మీద మధ్యాహ్నం ఉండాల్సి వచ్చేలా ప్లాన్ చేయకండి.

స్టెప్ 4: వెనుదిరిగే టైమ్ ముందే రాసుకోండి

ఈ గైడ్‌లో మీరు ఒక్క స్టెప్పే పాటించగలిగితే ఇది పాటించండి.

పైన తీసుకున్న లూప్‌లో శిఖరం 6వ కిలోమీటరు దగ్గర ఉందనుకుందాం. అక్కడికి చేరేసరికి 800 మీటర్లు ఎక్కేశారు. శిఖరం మీద నిలబడ్డప్పుడు "కష్టమైనదంతా అయిపోయింది, ఇక ముందుకే" అనిపిస్తుంది. లెక్క చూడండి. ఎక్కిన దారిలోనే దిగితే 6 కిలోమీటర్లు, 800 మీటర్ల దిగుడు: విశ్రాంతి లేకుండా దాదాపు 1 గంట 40 నిమిషాలు. ముందుకు వెళ్తే 10 కిలోమీటర్లు, ఇంకో 200 మీటర్ల ఎక్కుడు, 1000 మీటర్ల దిగుడు: దాదాపు 2 గంటల 50 నిమిషాలు. వెనక్కి వెళ్లే దారి చూసిన దారి, ముందున్నది చూడనిది. అంటే శిఖరం దగ్గర ఏ మాత్రం సందేహం ఉన్నా వెనుదిరగడమే తక్కువ టైమ్, తక్కువ ప్రమాదం. కష్టపడి ఎక్కాం కదా అని ముందుకు వెళ్లడానికి ఈ లెక్కలో చోటు లేదు.

కాబట్టి బయల్దేరే ముందే ఇలా రాసుకోండి: "శిఖరం దగ్గరికి ఉదయం 10:30 లోపు చేరకపోతే వెనక్కి." టైమ్ మీ లూప్‌ను బట్టి మార్చుకోండి. గుంపులో అందరికీ ఇంట్లోనే చెప్పండి. పైన నిలబడి చర్చ మొదలుపెడితే ఉత్సాహం ఎక్కువ ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది, అలసిపోయినవాళ్లు నోరు విప్పరు.

స్టెప్ 5: రిజర్వాయర్ సంగతి విడిగా కనుక్కోండి

మామూలు కొండ ట్రెక్‌లో లేని పని ఇది. మూడు ప్రశ్నలకు జవాబు కావాలి.

డ్యామ్ మీద నడవనిస్తారా? చాలా లూపులు డ్యామ్ కట్ట మీదుగా పూర్తవుతాయి. గేటు కొన్ని వేళల్లోనే తెరవవచ్చు, అసలు అనుమతించకపోవచ్చు. 15 కిలోమీటర్లు నడిచొచ్చాక తాళం వేసిన గేటు ఎదురైతే తిరిగి చుట్టుకు రావాలి. ఫొటోలకు, డ్రోన్లకు కూడా నిషేధం ఉండవచ్చు, బోర్డులు చదవండి. అటవీ అనుమతి అవసరమైతే ముందే తీసుకోండి.

నీటిమట్టం ఎంత ఉంది? నిండుగా ఉంటే గట్టు వెంబడి బాటలో కొంత మునిగి ఉండవచ్చు. తగ్గి ఉంటే మ్యాప్‌లో నీలంగా కనిపించే చోట ఖాళీ నేల కనిపిస్తుంది. ఆ నేల మీదుగా అడ్డంగా పోతే దూరం తగ్గుతుందనిపిస్తుంది. పోకండి. పైన ఎండి పగుళ్లిచ్చిన మట్టి కింద మెత్తటి బురద ఉంటుంది, మోకాలి దాకా దిగబడితే ఒక్కరే బయటికి రావడం కష్టం.

గేట్లు ఎత్తే కాలమా? డ్యామ్ కింది నదిలో నీళ్లు లేకపోయినా ఆ రాళ్ల మీద కూర్చుని తినే అలవాటు మానుకోండి. సైరన్ వినిపిస్తే సామాను గురించి ఆలోచించకుండా గట్టు పైకి వెళ్లిపోండి. సైరన్ లేకుండా నీళ్లు పెరిగినా, రంగు మారినా అదే పని చేయండి.

స్టెప్ 6: ముందు రోజు

వాతావరణ సూచన శిఖరం ఎత్తుకు చూడండి, కిందున్న ఊరికి కాదు. ఉరుములతో వాన అని ఉంటే వాయిదా వేయండి. చిరుజల్లు అయితే మీ ఇష్టం, కానీ నిటారు బండలున్న లూప్ అయితే నేను వెళ్లను.

మ్యాప్ డౌన్‌లోడ్ చేశాక ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి తెరిచి చూడండి. బాట, కాంటూర్లు రెండూ కనిపిస్తేనే డౌన్‌లోడ్ అయినట్టు. ఇంట్లో వైఫై మీద కనిపించింది కదా అని వదిలేస్తే పైన ఖాళీ తెర మిగులుతుంది.

రాని వాళ్లలో ఒకరికి మీ దారి, గుంపులో ఎవరెవరున్నారు, ఎన్ని గంటలకు తిరిగొస్తారు, ఎన్ని గంటలు దాటితే సాయం పిలవాలి అన్నది మెసేజ్‌లో పంపండి. నోటిమాటగా చెప్తే వాళ్లకు టెన్షన్‌లో గుర్తుండదు.

స్టెప్ 7: మొదటి గంట మెల్లగా

బయల్దేరిన చోట డ్యామ్‌నూ మ్యాప్‌నూ కలిపి చూడండి. డ్యామ్ గీత గీసినట్టు తిన్నగా ఉండి చాలా దూరం నుంచి కనిపిస్తే మీ అదృష్టం. పైన ఎక్కడ దిక్కు తోచకపోయినా, మ్యాప్‌లోని డ్యామ్ గీత కళ్లముందున్న డ్యామ్‌కు సమాంతరంగా వచ్చేలా కాగితం తిప్పితే మ్యాప్ సరైన దిక్కుకు కుదురుతుంది. వంపు తిరిగిన డ్యామ్ అయితే దాని రెండు చివర్లనూ గుర్తుగా పెట్టుకోండి.

నడక వేగానికి ఒకే పరీక్ష: నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం తగ్గించండి. గుంపులో అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. వాళ్లను వెనక పెడితే, మిగతావాళ్లు ఆగి సేదతీరి వాళ్లు రాగానే లేచి బయల్దేరతారు, అసలు విశ్రాంతి కావలసినవాళ్లకే అది దక్కదు.

పాదంలో ఎక్కడైనా వేడిగా, రుద్దుకుంటున్నట్టు అనిపిస్తే అప్పుడే ఆగి టేపు వేయండి. బొబ్బ వచ్చాక వేసే టేపు కన్నా రాకముందు వేసేది వంద రెట్లు నయం.

స్టెప్ 8: నీళ్లు, తిండి

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగండి. గంటకోసారి ఏదైనా తినండి. గంటల తరబడి చెమట పడుతుంటే ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. మధ్యలో ఓఆర్ఎస్ గానీ ఉప్పటి తిండి గానీ ఉండాలి.

8 గంటలకు 4 లీటర్లు, అంటే 4 కిలోల బరువు. అంత మోయలేకపోతే వాగు దగ్గర నింపుకోవచ్చు, కానీ శుద్ధి చేయకుండా వద్దు. మరిగిస్తే బాగా తెర్లేలా ఒక నిమిషం, 2000 మీటర్లు దాటిన ఎత్తులో 3 నిమిషాలు. క్లోరిన్ బిళ్లలైతే ప్యాకెట్ మీద రాసినంత సేపు ఆగాలి. చాలా రకాలకు అది అరగంట.

రిజర్వాయర్ నీళ్ల విషయంలో ఒక గట్టి హెచ్చరిక. వేడి రోజుల్లో నీళ్ల మీద పచ్చటి, నీలాకుపచ్చటి తెట్టు, రంగు ఒలికిపోయినట్టు కనిపిస్తే అది విషం తయారుచేసే సైనోబ్యాక్టీరియా కావచ్చు. ఆ విషం మరిగించినా పోదు. మామూలు ట్రెక్కింగ్ ఫిల్టర్లు కూడా దాన్ని ఆపుతాయని నమ్మకూడదు. ఆ నీళ్లు తాగొద్దు, ముఖం కడుక్కోవద్దు, కుక్క వెంట ఉంటే దాన్నీ తాగనివ్వొద్దు.

స్టెప్ 9: రిడ్జ్ మీద

టైమ్ చూసుకుని, స్టెప్ 4లో రాసుకున్నదానితో పోల్చి, వెళ్లాలనుకుంటేనే రిడ్జ్ ఎక్కండి.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ప్రతి 3 సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. 30 సెకన్లలోపు వినిపిస్తే 10 కిలోమీటర్ల లోపే ఉందన్నమాట, వెంటనే రిడ్జ్ దిగాలి. ఒంటరి చెట్టు కిందా, లోతు లేని గుహ మూతిలోనూ ఆగకండి. కర్రలు పక్కన పెట్టి, ఒకరికొకరు దూరంగా ఉండండి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు గడిచేదాకా మళ్లీ పైకి వద్దు.

మబ్బు కమ్ముకుని ముందు దారి కనిపించకపోతే ఆగి, కనిపించిన చివరి గుర్తు దగ్గరే ఉండండి. రిడ్జ్ నుంచి చిన్న చిన్న వెన్నులు చీలే చోట మనుషులు తెలియకుండానే తప్పుడు వెన్ను పట్టుకుంటారు. ప్రతి చీలిక దగ్గర ఫోన్ మ్యాప్‌లో మీరున్న చోటు చూపే చుక్క ఎక్కడుందో ఒకసారి చూడడం అలవాటు చేసుకోండి. పది నిమిషాలు నడిచాక చూసే కన్నా ఇది నయం.

స్టెప్ 10: దిగేటప్పుడు

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

రిడ్జ్ మీద నుంచి రిజర్వాయర్ నేరుగా కింద కనిపిస్తుంది. బాట మాత్రం ఇంకో మూడు కిలోమీటర్లు పక్కకు వెళ్లి దిగుతుంది. ఇలాగే సూటిగా దిగిపోతే గంట కలిసొస్తుంది కదా అన్న ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. దిగకూడదు. మామూలు లోయ అయితే అడుగుకు చేరేకొద్దీ వాలు తగ్గి చదునవుతుంది. రిజర్వాయర్ ఉన్న లోయలో ఆ చదునైన అడుగు నీళ్ల కింద ఉంటుంది. నీళ్లపైన మిగిలేది లోయ గోడలు. అంచున బాట లేకపోవచ్చు, నిలబడే చోటు కూడా లేకపోవచ్చు. పైగా మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న వాలు మీద నిలబడితే దాని కింద ఉన్న కొండచరియ అంచుకు చేరేదాకా కనిపించదు. మ్యాప్‌లో కాంటూర్ గీతలు కిందికి వచ్చేకొద్దీ దగ్గరవుతుంటే అది ఇలాంటి వాలే.

వాగు వెంబడి దిగితే ఎలాగూ రిజర్వాయర్‌లోకే చేరతాం కదా అనేవాళ్లూ ఉన్నారు. నీళ్లు చేరతాయి, జలపాతాల మీద నుంచి దూకి. మనిషి సగంలో ఇరుక్కుంటాడు, పైకి ఎక్కలేడు, కిందికి దిగలేడు. బాట ఎంత చుట్టు తిరిగినా బాట మీదే దిగండి.

దిగే పద్ధతి: చిన్న అడుగులు, మోకాళ్లు కొంచెం వంచి, కర్రలు కాస్త పొడుగు చేసి. బూటు లేసులు చీలమండ దగ్గర బిగించండి, లేకపోతే వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. గుల్ల కంకర ఉన్న చోట ఒకరి నెత్తి మీద ఒకరు కాకుండా పక్కపక్కకు జరిగి దిగండి. రాయి కదిలితే గట్టిగా అరవండి.

స్టెప్ 11: వాగులు, నీటి అంచు

వాగు మోకాలు దాటి, వేగంగా ఉంటే దాటకండి. నీళ్లు మురికిగా, కొమ్మలు కొట్టుకొస్తుంటే ఎంత లోతున్నా వద్దు. దాటదగ్గదే అయితే వెడల్పుగా ఉన్న చోటు ఎంచుకోండి, అక్కడ లోతు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. బ్యాగు నడుము బెల్టు విప్పండి, పడితే బ్యాగు వదిలేయగలగాలి. ప్రవాహానికి ఎదురు ముఖంగా, కర్ర ఆనించి, ఒక్కో అడుగు పక్కకు వేయండి. కింద జలపాతం గానీ చెట్లు అడ్డుపడ్డ చోటు గానీ ఉంటే అక్కడ అసలు దిగొద్దు. వాన ఆగాక చిన్న వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి, కూర్చుని ఆగడం కూడా ఒక మార్గమే.

చివర్లో రిజర్వాయర్‌లో ఈత కొట్టాలనిపిస్తుంది. గట్టు ఉన్నట్టుండి లోతుకు దిగుతుంది, పైన వెచ్చగా ఉన్న నీళ్లు కొద్ది లోతులోనే చల్లగా ఉంటాయి, నీళ్లు లాగే తూములు పైకి కనిపించవు. అలిసిన కాళ్లతో అది వద్దే వద్దు.

దారి తప్పితే, దెబ్బ తగిలితే

ఆగండి. కూర్చోండి. నీళ్లు తాగి, మ్యాప్ తీయండి. చివరిసారి ఖచ్చితంగా బాట మీద ఉన్న చోటు తెలిస్తే, అక్కడికి వెనక్కి వెళ్లండి. తెలియకపోతే, చీకటి పడుతుంటే కదలకండి.

సాయానికి చాలా దేశాల్లో 112. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ నెట్‌వర్క్ అందితే ఈ కాల్ కలిసే అవకాశం ఉంది, ప్రయత్నించండి. ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు చదివి చెప్పండి. కాల్ నిలవకపోతే స్నేహితులకు మెసేజ్ పెట్టండి, కాల్‌కు చాలని సిగ్నల్‌లో కూడా మెసేజ్ వెళ్లవచ్చు. కొండల్లో ప్రమాద సంకేతం ఇది: నిమిషంలో 6 సార్లు విజిల్ గానీ లైట్ గానీ, ఒక నిమిషం విరామం, మళ్లీ 6. జవాబుగా నిమిషంలో 3 వినిపిస్తాయి. జవాబు వచ్చినా వాళ్లు మీ దగ్గరికి చేరేదాకా ఆపకండి.

తడిసి వణుకుతున్న మనిషి మాట ముద్దగా వస్తుంటే, జిప్ కూడా వేసుకోలేకపోతే, అకారణంగా చిరాకు పడుతుంటే ఒళ్లు చల్లబడుతోందని అర్థం. తడి బట్టలు తీసి, పొడి పొర వేసి, ఎమర్జెన్సీ దుప్పటి చుట్టి, నేలకు తగలకుండా బ్యాగు మీద కూర్చోబెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే తీపి తినిపించండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ముందు ఎవరో వెళ్లిన జీపీఎస్ ట్రాక్‌ను గుడ్డిగా అనుసరించడం. ఆ ట్రాక్ రికార్డు చేసినవాళ్లు ఏ కాలంలో వెళ్లారో తెలియదు. రిజర్వాయర్ ఎండినప్పుడు నడిచిన దారి ఇప్పుడు నీళ్లలో ఉండవచ్చు. ట్రాక్‌ను కాంటూర్ మ్యాప్ మీద పెట్టి, నీలం రంగులోంచి పోతోందేమో, గీతలకు అడ్డంగా నిటారుగా దిగుతోందేమో చూడండి.

గుంపు విడిపోవడం. దిగుడులో వేగంగా ఉన్నవాళ్లు ముందుకు పోతారు. ప్రతి చీలిక దగ్గర చివరి మనిషి వచ్చేదాకా ఆగాలన్నది ఒక్కటే నియమం పెట్టుకోండి.

ఫోన్‌లో 40 శాతం చార్జింగ్ ఉందని ధీమాగా వీడియోలు తీయడం. చలిలో బ్యాటరీ అనుకున్నదానికన్నా త్వరగా పడిపోతుంది. 50 శాతం కిందికి వస్తే కెమెరా మానేసి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ అందులోనూ పనిచేస్తుంది.

కొత్త బూట్లు ఆ రోజే వేసుకోవడం. దీని గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

నడుస్తున్నప్పుడు మూడు చోట్ల చెక్ చేసుకోండి. మొదటి గంట చివర, ప్లాన్ కన్నా 20 నిమిషాలు వెనకబడితే రోజంతా అలాగే సాగుతుందని అనుకుని లెక్క మార్చండి. శిఖరం దగ్గర, సగం నీళ్లు మిగిలి ఉండాలి. దిగడం మొదలుపెట్టే చోట, మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు తక్కువ తాగారు, పావుగంట ఆగి తాగి దిగండి.

తిరిగొచ్చాక మొదట చేయాల్సింది, మెసేజ్ పంపిన మనిషికి వచ్చేశామని చెప్పడం. అది మరిచిపోతే మీరు ఇంట్లో నిద్రపోతుంటే రెస్క్యూ వాళ్లు కొండ మీద వెతుకుతుంటారు. తర్వాత రికార్డయిన ట్రాక్ తీసి, ఎక్కుడు, రిడ్జ్, దిగుడు మూడు భాగాలకూ అసలు పట్టిన టైమ్‌ను మీ లెక్కతో పోల్చండి. లెక్క 8 గంటలై మీకు 9 పట్టిందంటే, తర్వాతి లూప్‌కు లెక్క వేసినదాన్ని 1.1తో కాదు, 1.2తో గుణించండి, వాతావరణం ప్రతిసారీ ఇంత అనుకూలంగా ఉండదు. రెండు రోజుల తర్వాత కూడా మోకాలి చిప్ప చుట్టూ నొప్పి ఉంటే తర్వాతి లూప్ ఇంకా నిటారుగా ఉన్నది ఎంచుకోకండి. తొడ కండరాల్లో మాత్రమే నొప్పి ఉంటే అది మామూలే, నాలుగైదు రోజుల్లో పోతుంది.